పంపని గులాబీ చీటీ

అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో, లిఫ్టుకి ఎదురుగా రికార్డుల గది ఉంది. అందులోంచి సూర్యకుమారి గులాబీరంగు చీటీల కట్ట పట్టుకుని బయటికొస్తే డ్యూటీ డాక్టర్లు క్యాంటీన్ వైపు జారుకునేవారు. "చీటీలమ్మ దిగుతోందండోయ్" అని ఒకరు మెట్ల మీంచి అరిచేవారు. ఆ అరుపు ఆమెకి వినబడేది. వినబడాలనే అరిచేవారు.

రోగి ఇంటికి వెళ్ళిపోయాక ఫైలు ఆమె దగ్గరికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బుకి సరిపోయే కోడ్ వెయ్యడం ఆమె పని. ఇన్సూరెన్సు కంపెనీ జబ్బు కథంతా చదవదు, కోడ్ చదువుతుంది. డాక్టరు రాయనిది ఆమె వెయ్యకూడదు. ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో ఇంకొకటి ఉన్నా, జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టి వదిలేసినా, గులాబీ చీటీ రాసి డాక్టరుకి పంపాలి. ఆ చీటీలో జవాబు సూచించకూడదు. ఇదా, అదా, వేరేదా, తేలలేదా అని అన్నీ వరసగా రాసి, ఎదురుగా గళ్ళు గీసి వదిలెయ్యాలి. టిక్కు పెట్టేది డాక్టరు.

మిగతా ఆసుపత్రుల్లో ఈ పని చూసీ చూడనట్టు జరిగిపోతుంది. సూర్యకుమారి దగ్గర జరగదు. ఆపరేషను థియేటరు బయట నిలబడి టిక్కు పెట్టించుకున్న రోజులున్నాయి. ఒక సర్జను చీటీని ఉండచుట్టి డస్ట్ బిన్ లో పడేస్తే, అదే ప్రశ్నని ఇంకో చీటీ మీద రాసి మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆయన ఈసారి టిక్కు పెట్టాడు కానీ, "మీ ఇంట్లో వాళ్ళు ఎలా బతుకుతున్నారండీ మీతో?" అని అడిగాడు. ఆమె చీటీ తీసుకుని, "సంతకం కింద తేదీ వెయ్యలేదండి" అంది.

ఆమెది పలివెల. రామచంద్రపురంలో జువాలజీ చదివింది. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక కంపెనీలో, తనెప్పుడూ చూడని దేశపు రోగుల ఫైళ్ళకి కోడ్లు వేసింది. అక్కడ నెలాఖరున ఎవరెన్ని తప్పులు చేశారో అందరి ముందూ చదివేవారు. తన పేరు ఆ చదవడంలో రాకుండా చూసుకోవడం ఆమెకి అలవాటైంది. ఉద్యోగం వదిలి ఇటు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. భర్త సత్యదుర్గారావుది ఓడలరేవు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. అక్క బంగారమ్మ ముందు అసలే ఉండదు.

బంగారమ్మ ఓడలరేవులోనే ఉంటుంది. భర్త కువైట్లో డ్రైవరు. కొడుకు హేమంత్, కూతురు అమ్ములు. ఆమెకి మరదలంటే మొదటినుంచీ గిట్టదు. కొత్తలో ఒకసారి భోజనాల దగ్గర బంగారమ్మ తన గుండెజబ్బు గురించి చుట్టాలకి చెబుతుంటే, సూర్యకుమారి పులుసు వడ్డిస్తూ, "గుండెజబ్బని కాగితంలో లేదు వదినగారూ, గ్యాసని రాసేరు" అంది. అప్పటినుంచి బంగారమ్మ ఎక్కడ కూర్చున్నా ఆ మాట ఎత్తుతుంది. "మా తమ్ముడి పెళ్ళాం మా ఇంటికొచ్చి నా జబ్బు లాగేసుకుందండి."

కిందటేడు వానాకాలంలో హేమంత్ కి వాంతులు పట్టుకున్నాయి. మంచినీళ్ళు తాగినా నిలవవు. ముందు రొయ్యలు పడలేదనుకున్నారు. తర్వాత దిష్టి తీశారు. పక్కనున్న అల్లవరంలో సెలైను పెట్టించారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. వేన్నీళ్ళు ఒంటిమీద పడితే మాత్రం వాడికి నెమ్మదించేది. బంగారమ్మ పెరట్లో కొబ్బరి డొక్కల పొయ్యి మీద కాగు దించకుండా ఉంచింది. చివరికి ఆటోలో పడుకోబెట్టుకుని మరదలు పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చింది.

చూసింది డాక్టర్ జీవన్. కుర్రాడి కళ్ళూ నాలుకా చూసి, తల్లిని అడిగాడు.

"వేన్నీళ్ళు పోసుకుంటే తగ్గుతుందా అమ్మా?"

"అదొక్కటే పనిచేస్తోందండి బాబూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాస్తానే ఉన్నానండి. ఆ నీళ్ళకింద నిలబడ్డాడంటే ఇహ కదలడు. ఇంట్లో డొక్కలన్నీ అయిపోయి పక్కింట్లో అడిగి తెచ్చేనండి."

డాక్టరు ఆ మాట రాసుకున్నాడు. తన సేవ రాసుకుంటున్నారని బంగారమ్మ అనుకుంది.

గంజాయి చాలాకాలం తాగినవాళ్ళలో కొందరికి ఇలా ఆగని వాంతులు వస్తాయి. వేడినీళ్ళ కింద ఉన్నంతసేపే ఉపశమనం. మూత్రపరీక్షలో సంగతి తేలింది. హేమంత్ రెండు రోజులు మంచం మీద ఉండి ఇంటికి వెళ్ళాడు. చివరి పేజీలో డాక్టర్ జీవన్ ఇలా రాశాడు: గంజాయి దుర్వినియోగం. దాని పక్కనే ప్రశ్నార్థకం పెట్టి, డిపెండెన్స్.

ఆ ఫైలు సూర్యకుమారి బల్ల మీదికి వచ్చింది.

రికార్డుల గదిలో ఒక ఆనవాయితీ ఉంది. చుట్టాల ఫైలైతే తను ముట్టుకోకుండా రెండోవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఆ గదిలో రెండో మనిషి బ్లెస్సీ, చేరి ఏడాది అయింది. ఆనవాయితీ పెట్టింది సూర్యకుమారే. ఆ రోజు ఫైలు బ్లెస్సీకి ఇవ్వలేదు. చీటీ కూడా రాయలేదు. రాస్తే అది రెండో అంతస్తు నర్సుల కౌంటరు మీద ట్రేలో పడుతుంది. డాక్టరు తీరిక చేసుకునేదాకా అక్కడే ఉంటుంది. దాని మీద పేరు, తండ్రి పేరు, ఊరు, గంజాయి అన్న మాట ఉంటాయి. ఆ కౌంటరులో ఇద్దరు నర్సులు అల్లవరం వైపు వాళ్ళు.

చీటీ పంపకుండా ప్రశ్నార్థకాన్ని దాటడానికి ఒక నియమం ఉంది. బయట చూపించుకుని వెళ్ళిపోయే రోగికైతే అనుమానానికి కోడ్ వెయ్యరు. ఆసుపత్రిలో చేరి మంచమెక్కిన రోగికి మాత్రం, ఇంటికి వెళ్ళే రోజుకి కూడా డాక్టరు అనుమానం తీరకపోతే, ఆ జబ్బు ఉన్నట్టే వెయ్యాలి. దుర్వినియోగం, డిపెండెన్స్ రెండూ ఉంటే పెద్దదే వెయ్యాలి. దుర్వినియోగమంటే తాగి ఒళ్ళు పాడుచేసుకున్నాడని. అది ఎఫ్ పన్నెండు పాయింట్ ఒకటి. డిపెండెన్స్ అంటే మానలేని స్థితి. అది పాయింట్ రెండు. హైదరాబాదులో ఆ నియమం ఆమె లెక్కలేనన్నిసార్లు వాడింది. ఎవరు తనిఖీ చేసినా నిలబడుతుంది. పాయింట్ రెండు వేసి, ఫైలు కట్టేసి, అలమరలో పెట్టి తాళం వేసింది.

మత్తు కేసులకి డబ్బు ఇవ్వం అని ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము తిప్పికొట్టారు. బంగారమ్మ ఎవరికీ చెప్పకుండా తనే కట్టుకుంది. ఊళ్ళో మాత్రం రొయ్యలు పడలేదనే చెప్పింది.

*

మాఘమాసంలో ఒక ఆదివారం బంగారమ్మ అమలాపురం వచ్చింది. ఎప్పుడొచ్చినా తమ్ముడికి చేప తెచ్చేది. ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చింది. హేమంత్ బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు. బండి దిగలేదు.

"ఏమ్మా కుమారీ, కడుపు చల్లబడిందా?" అంది బంగారమ్మ మేడ మెట్లెక్కి, చెప్పులు విప్పకుండానే.

"కూర్చోండి వదినగారూ. ఏమైందండి?"

"ఏమైందా? నిన్నే అడగాలి. ఒరే దుర్గా, ఇలా రా. నీ పెళ్ళాం మావోడికి ఏదో అంకె ఏసిందంట. ఆ అంకె చూసి పడవెక్కనివ్వం అన్నారంట వాళ్ళు. వాడి తాత పడవ మీదే పోయేడు, వాడి ముత్తాత పడవ మీదే పోయేడు. ఈడికి పడవ పనికిరాదంట!"

సత్యదుర్గారావు చేతికి ఉన్న గ్రీజు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. హేమంత్ కి సముద్రంలో గ్యాసు బావుల దగ్గరికి సరుకు మోసే బోటులో పని వచ్చిందని అతనికి తెలుసు. కాకినాడలో ట్రైనింగు అయింది. ఓడలరేవు కాంట్రాక్టరు తీసుకుంటానన్నాడు. ఇక ఎక్కడమే తరువాయి.

"బోటు వాళ్ళు మనుషులందరికీ ఇన్సూరెన్సు కడతారంట. కడదామని చూస్తే మావోడి పేరు మీద పాత అంకె కనపడిందంట. పాయింటు ఒకటైతే మూడు నెలలాగి, పరీక్ష చేసి ఎక్కించుకుందురంట. పాయింటు రెండైతే జన్మలో లేదంట. కాంట్రాక్టరు గుమాస్తా చెప్పేడు, రెండే ఉందమ్మా అని. ఆ ఆసుపత్రిలో అంకెలేసే మారాణి ఎవరే? నువ్వు కాదా?"

"నేనేనండి" అంది సూర్యకుమారి. "డాక్టరుగారు రాసిందానికే వేసేను."

"డాక్టరుగారు పక్కన కొక్కెం గుర్తు పెట్టేరు కదే! హేమంత్ కాగితం చదివి చెప్పేడు. ఆయనకే తెలీలేదు, నీకెలా తెలిసింది? నువ్వు ఆయనకంటే పెద్ద డాక్టరువా? నా గుండె లాగేసినట్టు మావోడి నోటికాడ కూడు లాగేస్తావా?"

"మంచం మీద ఉన్న రోగికి అనుమానం తీరకపోతే ఉన్నట్టే వెయ్యాలండి. రూలు."

"రూలంట! విన్నావురా తమ్ముడూ? సరే. ఇప్పుడు ఏం చేస్తావంటే, ఆ రెండు తీసి ఒకటి పెట్టు. ఎంతసేపు? ఒక గీత."

"మార్చకూడదండి."

"మార్చకూడదా, మార్చవా?"

"మార్చను."

బంగారమ్మ తమ్ముడి వైపు తిరిగింది. అతను గ్రీజు గుడ్డని రెండు మడతలు వేశాడు. తర్వాత విప్పాడు.

"కుమారీ" అన్నాడు. "అర్థం కాకపోతే డాక్టర్లకి చీటీ పంపుతావు కదా. ఊళ్ళో ఎవడి ఫైలుకైనా పంపుతావు. వాళ్ళు తిట్టుకుంటున్నారని నువ్వే చెబుతావు. మనవాడికి పంపేవా?"

ఆమె బంగారమ్మ కూర్చోని కుర్చీని గోడకి జరిపింది.

"పంపలేదా?"

"లేదండి."

"ఏం?"

"పంపితే కౌంటరు మీద పడుంటుంది. అందరూ చదువుతారు. ఊళ్ళో తెలిసిపోతుందని."

బంగారమ్మ చప్పట్లు కొట్టింది. రెండే దెబ్బలు, గట్టిగా.

"అబ్బో! మా పరువు కాపాడిందంటరా! నేనడిగేనా నిన్ను? నా కొడుకు గంజాయి తాగితే పరువు నాది, నా మొగుడిది. నీకేం పోయింది? నేను చెబుతాను ఏం పోయిందో. చీటీలమ్మ మేనల్లుడు గంజాయోడంట అని నర్సులు నవ్వుతారని! నీ మొహం దాచుకోడానికి వాడి బతుకు మూసేసేవు."

సూర్యకుమారి కిందికి, గేటు వైపు చూసింది. హేమంత్ ఫోను చేతిలో పట్టుకుని దాన్ని చూడకుండా, ఎదురింటి గోడ చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడేది అక్కడికి వినబడుతుంది.

"రేపు చీటీ పంపుతాను" అంది ఆమె. "డాక్టరుగారు ఏది టిక్కు పెడితే అదే వేస్తాను. ఒకటి పెడితే ఒకటి."

"ఒకటి పెట్టమని రాయి మరి."

"అలా రాయకూడదండి."

బంగారమ్మ గడప దాటుతూ అంది: "నీకు పిల్లల్లేకపోవడం మంచిదే అయిందే. ఉంటే వాళ్ళకీ అంకెలేసేదానివి."

సత్యదుర్గారావు "అక్కా!" అంటూ మెట్లు దిగాడు. అప్పటికి బండి కదిలిపోయింది.

*

సోమవారం ఆమె అలమర తాళం తీసి ఫైలు తెచ్చింది. చీటీ రాసింది. గంజాయి దుర్వినియోగం, డిపెండెన్స్, వేరేది, తేలలేదు. నాలుగూ ఒకే సైజు అక్షరాలు. బ్లెస్సీ పక్క బల్ల మీంచి చూసింది.

"పాత ఫైలాండి మేడం?"

"ఆఁ."

"ఇంటిపేరు మీదేనండి."

"మా ఆయన మేనల్లుడి ఫైలు. ఇంటిపేరు మాది కాదు, సరిగ్గా చూడు."

బ్లెస్సీ కాసేపు కీబోర్డు మీద ఏదో కొట్టింది. "చుట్టాల ఫైళ్ళు నాకివ్వాలి కదండి" అంది తలెత్తకుండానే. "నాకిచ్చుంటే చీటీ పంపేసేదాన్నండి."

సూర్యకుమారి చీటీని ట్రేలో వెయ్యలేదు. తనే తీసుకెళ్ళింది. డాక్టర్ జీవన్ చీటీ తేదీ చూశాడు, ఫైలు తేదీ చూశాడు.

"ఎనిమిది నెలలకా? బీపీ మాత్ర పేరు సరిగ్గా రాయలేదని నన్ను బాత్రూము దాకా వెంటాడిన మనిషి మీరు. దీనికి ఎనిమిది నెలలు పట్టిందేం?"

"ఆలస్యమైందండి."

"ఎవరు ఈ కుర్రాడు?"

"మా ఆడపడుచుగారి అబ్బాయండి."

"అదీ!" అని కుర్చీలో వెనక్కి వాలాడు. "మీవాళ్ళ దగ్గరికొచ్చేసరికి చీటీలు అయిపోయాయన్న మాట. ఇప్పుడెందుకు వచ్చింది గుర్తు?"

ఆమె బోటు సంగతి చెప్పలేదు. చెబితే జవాబు సూచించినట్టవుతుంది. "ఫైలు అసంపూర్తిగా ఉందండి" అంది.

"ఇప్పుడు నేను టిక్కు పెడితే ఎనిమిది నెలల కిందటి మనిషిని తలుచుకుని పెట్టాలి. నాకు వాడి మొహమే గుర్తులేదు. రేపు మంగళవారం, మత్తు మానిపించే ఓపీ ఉంటుంది. తీసుకురండి. అడిగి రాస్తాను." చీటీ మళ్ళీ చూసి, "ఎటూ మొగ్గకుండా రాసేరు. దానికి మాత్రం దణ్ణం పెట్టాలి మీకు" అన్నాడు.

*

మంగళవారం బంగారమ్మ, హేమంత్ వచ్చారు. ఓడలరేవు నుంచి దారి పొడుగునా తల్లి చెబుతూనే వచ్చింది. ఏమడిగినా లేదని చెప్పాలి, తాగడం లేదు, ఎప్పుడో మానేశాను, ఆ రెండు మాటలు చాలు. డాక్టరు గది బయట కూడా చెవిలో అదే చెప్పింది. లోపలికి వెళ్ళాక డాక్టర్ జీవన్ మూడో అంతస్తుకి ఫోను చేసి సూర్యకుమారిని పిలిపించాడు.

"మీ చీటీకి జవాబు మీ ఎదురుగానే రాస్తానండి. తర్వాత తేదీ లేదు, సంతకం లేదు అనకుండా." కుర్రాడి వైపు తిరిగాడు. "వీళ్ళిద్దరూ ఇక్కడ ఉండటం నీకిష్టమేనా? వద్దంటే బయటికి పంపేస్తాను."

"ఉండనివ్వండి" అన్నాడు హేమంత్. "వీళ్ళకి కొత్తగా తెలిసేదేముందండి."

సూర్యకుమారి తలుపు పక్కన నిలబడింది. బంగారమ్మ ఆమె వైపు చూడలేదు.

"ఇప్పుడు తాగుతున్నావా?"

"మానేసేడండి" అంది బంగారమ్మ. "ఎప్పుడో మానేసేడండి. మీరు చెప్పిన రోజే మానేసేడండి."

"అతన్ని చెప్పనివ్వండి అమ్మా."

"మానేసేనండి" అన్నాడు హేమంత్, గోడమీద క్యాలెండరు చూస్తూ.

"వాంతులు మళ్ళీ వచ్చాయా?"

"లేదండి."

డాక్టరు కలం మూత తీశాడు. దుర్వినియోగం అన్న గడి దగ్గర కలం ఆనించి, రాయబోయి ఆగి, బంగారమ్మని మామూలుగా అడిగాడు. "వేన్నీళ్ళ కాగు దించేసేరా అమ్మా?"

బంగారమ్మ నోరు తెరిచింది. ఆ ప్రశ్న ఎందుకడుగుతారో ఈసారి ఆమెకి తెలుసు. హేమంత్ ఎప్పుడో ఫోనులో చదివి చెప్పాడు. కుడిచెయ్యి కొంగులోకి లాక్కుంది.

"ఎప్పుడో దించేసేనండి. ఇప్పుడు గ్యాసు గీజరు పెట్టించేమండి."

హేమంత్ తల్లి చెయ్యి వైపు చూశాడు. కొంగు పక్కన మణికట్టు దగ్గర చర్మం ఎర్రగా లేచి, మీద పసుపు రాసి ఉంది.

"దించలేదండి" అన్నాడు. "పొద్దున్న కూడా కాచింది. దించుతూ చెయ్యి కాల్చుకుంది."

"ఒరే, నోర్ముయ్యరా!"

"నీళ్ళు వేడిగా లేకపోతే నాకు వాంతి ఆగదని నాలుగింటికే లేచి కాస్తది. తనేమో లేదని చెప్పమంటోంది. చెయ్యి కనపడుతోంది కదా." చివరి మాట తల్లితో అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఒక్కసారిగా చెప్పుకుపోయాడు. "మానేద్దామని చూసేనండి. కాకినాడ ట్రైనింగులో చూసేను. వారం కూడా ఉండలేకపోయేను. నిద్ర పట్టదు, అన్నం సయించదు, పలకరించినోడ్ని కొట్టాలనిపిస్తది. అక్కడ ఒకడ్ని కొట్టేను కూడా. ఇంటికొచ్చి మళ్ళీ చూసేను. మళ్ళీ అంతే. బోటు ఎక్కితే పదిహేను రోజులు దిగనివ్వరంట. అక్కడ దొరకదు కదా, చచ్చినట్టు మానతానని అనుకున్నానండి. అందుకే బోటు కావాలన్నాను."



"నిద్రలేనివాడు సముద్రం మధ్యలో తాడు పట్టుకుంటే, తాడుకి అవతల ఇంకొకడు ఉంటాడు" అన్నాడు డాక్టర్ జీవన్. కలం ఒక గడి కిందికి జరిగింది. టిక్కు పెట్టాడు. సంతకం చేశాడు, దాని కింద తేదీ వేశాడు. చీటీ సూర్యకుమారి వైపు చాపాడు.

"మీ కోడ్ మార్చక్కర్లేదండి. మీరు వేసిందే రైటు. సంతోషమేనా?"

ఆమె చీటీ అందుకుంది. ఎప్పుడూ చేసినట్టే సంతకం, తేదీ సరిచూసుకుంది.

"ప్రతి మంగళవారం రావాలి నువ్వు" అని డాక్టరు కుర్రాడికి చెబుతున్నాడు. "ఇది వైద్యం లేని జబ్బు కాదు. బోటు మాట ఇప్పుడు ఎత్తకు."

*

వరండాలో బంగారమ్మ గొంతు తగ్గించలేదు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"నెగ్గేవు కదే. ఎళ్ళు, అలమరలో దాచుకో. దండేసి దణ్ణం పెట్టుకో దానికి."

"వదినగారూ, నెమ్మదిగా. అందరూ వింటున్నారు."

"విననీ! వినకూడదనే కదా నువ్వు దాచింది. ఏవండీ, మావోడు గంజాయి తాగుతాడండి! ఇదిగో, ఈవిడ మేనల్లుడేనండి!"

ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. అల్లవరం నర్సు ఒకతె ఇంజెక్షను ట్రే పట్టుకుని నిలబడిపోయింది. బంగారమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కాలిన చోట కొంగు రాసుకుంటే బుస్సుమని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

హేమంత్ ఆగాడు.

"నీ పేరు బయటికి రాకూడదనే నేను..." అంది సూర్యకుమారి.

"నా పేరా?" అన్నాడు. గొంతులో కోపం కంటే వెటకారం ఎక్కువ. "నువ్వు రాసింది నిజమేలే అత్తా. కాదన్నానా? కానీ ఆ చీటీ అప్పుడే పంపుంటే, డాక్టరుగారు నన్ను అప్పుడే అడిగేవారు కదా."

"అప్పుడు నిజం చెప్పేవాడివా?"

"తెలీదు. చెప్పకపోదునేమో. నన్నెవరూ అడగలేదు కదా."

బండి తాళం వేలికి తిప్పుకుంటూ తల్లి వెనక దిగిపోయాడు.

సూర్యకుమారి మూడో అంతస్తుకి వెళ్ళి చీటీని ఫైలులో చివరి పేజీ మీద పిన్ను చేసింది. ప్రశ్నార్థకం పక్కన జవాబు కుదిరింది. ఫైలు ఇప్పుడు పూర్తయింది. ఎవరు తనిఖీ చేసినా నిలబడుతుంది.

*

వైశాఖంలో అమ్ములుకి ఓణీలు వేశారు. బంగారమ్మ కుంకుమ భరిణె, అక్షింతలు పట్టుకుని పిలవడానికి వచ్చింది. ముందు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు వీరాయమ్మకి బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలండి పిన్నిగారూ, పిల్లని దీవించాలి" అంది. అది పైకి వినబడింది. సూర్యకుమారి గ్యాసు కట్టేసి, తడిచెయ్యి తుడుచుకుని, మొహం సర్దుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

బంగారమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆమె పక్కనుంచి లోపలికి చూస్తూ, "ఒరే దుర్గా, ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి. మేనమామవి, పీటల మీద నువ్వే ఉండాలి" అంది. భరిణె మూత మూసే ఉంది. అలా చేత్తో పట్టుకునే మెట్లు దిగింది.

వీరాయమ్మ కింద నుంచి ఇదంతా చూసింది. మరదలికి బొట్టు పెట్టలేదని ఆ సాయంత్రానికి వీధంతా తెలిసింది.

"మేనమామ లేకపోతే బాగోదు" అన్నాడు సత్యదుర్గారావు.

"వెళ్ళండి" అంది ఆమె. ఓణీ బట్టలు తనే కొని, మడత నలగకుండా సంచీలో పెట్టి ఇచ్చింది.

ఫంక్షను మర్నాడు, సోమవారం, బ్లెస్సీ అడిగింది. "ఫంక్షను బాగా జరిగిందాండి మేడం?"

"బాగానే జరిగిందంట."

"మీరు వెళ్ళలేదాండి?"

"పిలవలేదు."

ఇప్పుడు చుట్టాల ఫైలు వస్తే సూర్యకుమారి తెరవకుండానే బ్లెస్సీ బల్ల మీద పెట్టేస్తుంది. పలివెల నుంచి ఎవరు వచ్చినా, ఓడలరేవు నుంచి ఎవరు వచ్చినా అంతే. డాక్టర్లు ఇప్పుడు కూడా ఆమెని చూసి క్యాంటీన్ వైపు నడుస్తారు. చీటీలు తగ్గలేదు, పెరిగాయి.

మంగళవారాలు కింద ఓపీ దగ్గర హేమంత్ ఉంటాడు. ఒక్కో వారం రాడు. వచ్చిన రోజున తల్లి తోడు ఉండదు, ఒక్కడే వస్తాడు. బెంచీ చాలక కాళ్ళు నడవాలోకి చాపుకుని కూర్చుంటాడు. సూర్యకుమారి చీటీల కట్ట పట్టుకుని అటు రావాలి, వేరే దారి లేదు. ఆమె చెప్పుల చప్పుడు అతనికి తెలుసు. దగ్గరికి రాగానే కాళ్ళు వెనక్కి తీసుకుని దారి ఇస్తాడు. తల ఎత్తడు.